వికలాంగుల ఓటు: ఓటరు జాబితా నుంచి బీప్ శబ్దం దాకా ఏ పని ఎప్పుడు చేసుకోవాలి

ఎన్నికల షెడ్యూలు టీవీలో వచ్చాక కాగితాలు వెతకడం మొదలుపెడితే చాలాసార్లు ఆలస్యమైపోయినట్టే. 2024లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పోలింగ్ మే 13న జరిగింది. దానికి నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది. ఇంటి దగ్గరే ఓటు వేయాలనుకున్న వికలాంగులకు ఫారం 12డీ ఇవ్వడానికి ఆ తేదీ నుంచి ఐదు రోజులే గడువు. సర్టిఫికెట్ ఎక్కడుందో చూసుకోవడం, జాబితాలో పేరు పక్కన వైకల్యం నమోదైందో లేదో తెలుసుకోవడం, బీఎల్‌వోని (మీ బూత్ ఓటరు జాబితా చూసే అధికారిని) పట్టుకోవడం అన్నీ ఆ ఐదు రోజుల్లో అయ్యే పనులు కావు. అందుకే ఈ పనులన్నీ వరసగా, ఏది ఎప్పుడు చేసుకోవాలో చెబుతున్నాం. మీరే ఓటరైనా, ఇంట్లో ఒకరి కోసం తిరుగుతున్నా వరస ఒకటే.

ఎవరైనా "మీకెందుకండీ ఇంత శ్రమ" అంటే చెప్పడానికి ఒక్క మాట గుర్తుంచుకోండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 11వ సెక్షన్ ప్రకారం ప్రతి పోలింగ్ కేంద్రమూ వికలాంగులు వెళ్లగలిగేలా ఉండాలి, ఎన్నికల సమాచారమంతా వాళ్లకు అర్థమయ్యేలా అందాలి. ఆ బాధ్యత కేంద్ర, రాష్ట్ర ఎన్నికల సంఘాలది. మీరు అడిగేది ఎవరి దయా కాదు.

మొదటి పని: జాబితాలో పేరు, పేరు పక్కన వైకల్యం

పేరు ఉంటే సరిపోదు, వైకల్యం కూడా నమోదై ఉండాలి. ఇంటి ఓటుకు అర్హత దాన్నిబట్టే చూస్తారు. మీ బూత్‌కి వీల్‌చైర్ పంపాలా, బ్రెయిలీ స్లిప్ ఇవ్వాలా అన్న లెక్క కూడా దాన్నిబట్టే వేస్తారు. నమోదు లేకపోతే ఆ బూత్‌లో వికలాంగులెవరూ లేరని కాగితం చెబుతుంది, ఏర్పాట్లూ అలాగే ఉంటాయి.

కొత్తగా ఓటు కావాలంటే ఫారం 6. అందులోనే వైకల్యం రకం, శాతం రాసే గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, నింపండి. ఓటు ఇప్పటికే ఉంటే ఫారం 8. చిరునామా మార్పు, తప్పుల దిద్దుబాటు, కొత్త కార్డు, వైకల్యం నమోదు, నాలుగూ 2022 ఆగస్టు నుంచి ఈ ఒక్క ఫారంలోనే ఉన్నాయి. పాత రోజుల్లోలా ఒక్కో పనికి ఒక్కో ఫారం అక్కర్లేదు. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో గానీ, వికలాంగుల కోసమే చేసిన సక్షమ్ యాప్‌లో గానీ పెట్టుకోవచ్చు. ఫోన్‌తో పని కాకపోతే కాగితం ఫారం నింపి బీఎల్‌వో చేతికివ్వండి. ఎవరికిచ్చినా రసీదు, దాని మీది రిఫరెన్స్ నంబరు తీసుకోండి. "నేను చూసుకుంటాలెండి" అన్న మాటకు నంబరు ఉండదు, తర్వాత అడగడానికి ఆధారమూ ఉండదు.

ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. పదిహేడేళ్లు నిండితే ముందే దరఖాస్తు చేసి పెట్టుకోవచ్చు. నామినేషన్ల చివరి రోజు దాటితే మాత్రం ఆ ఎన్నికకు జాబితాలో మార్పులు ఉండవు.

ఇక్కడ ఎక్కువగా జరిగే అన్యాయం మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకు. "వాడికి ఓటు ఎందుకు, ఏం తెలుస్తుంది" అని ఇంట్లోవాళ్లే అంటారు, బీఎల్‌వో తలూపి వెళ్లిపోతాడు. చట్టం అలా లేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ ప్రకారం మతిస్థిమితం లేదన్న కారణంతో పేరు చేర్చకూడదంటే, ఆ మాట తగిన అధికారం ఉన్న కోర్టు ప్రకటించి ఉండాలి. డాక్టర్ చీటీ సరిపోదు, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో రాసిన శాతం సరిపోదు, పక్కింటివాళ్ల మాట అసలే సరిపోదు. బీఎల్‌వో ఫారం తీసుకోనంటే "కోర్టు ఆర్డరుందా చూపించండి" అని అడగండి. అలాంటి ఆర్డరు ఉండే మనిషి అరుదు. మరీ మొండికేస్తే ఫారం ఆన్‌లైన్‌లో పెట్టేయండి. ఓటరు నమోదు అధికారి దాని మీద నిర్ణయం తీసుకోక తప్పదు.

హాస్టల్లోనో, వికలాంగుల ఆశ్రమంలోనో ఏళ్లుగా ఉంటున్నవాళ్లు ఆ చిరునామాతోనే ఓటు పెట్టుకోవచ్చు. ఎర్రగడ్డ ఆసుపత్రి లాంటి మానసిక చికిత్సాలయంలో రోగిగా ఉన్నవాళ్ల సంగతి వేరు. అక్కడ చికిత్స పొందుతున్నంత మాత్రాన ఆ చిరునామా వాళ్ల నివాసం కాదని అదే చట్టం 20వ సెక్షన్ అంటుంది. వాళ్ల ఓటు ఇంటి చిరునామాలోనే ఉంచాలి. "ఇక్కడ ఉండట్లేదు కదా" అని ఊళ్లో పేరు తీసేయకుండా చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్లే.

రెండో పని: సర్టిఫికెట్

ఏ పనికి ఏ కాగితం కావాలో తెలియక చాలామంది తిరిగిందే తిరుగుతారు. ఇంటి ఓటుకు 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ నకలు జతచేయాలి. మన రెండు రాష్ట్రాల్లో చాలామంది దగ్గర సదరం సర్టిఫికెట్ ఉంటుంది, కొత్తవాళ్లకు యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) వస్తోంది. బూత్‌లో తోడు తీసుకెళ్లడానికి మాత్రం ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. చూపు లేకనో, శరీర దౌర్బల్యం వల్లనో మీరు స్వయంగా గుర్తులు పోల్చుకోలేరని, మీట నొక్కలేరని బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారికి నమ్మకం కలిగితే చాలు.

గుర్తింపు చూపించడం మూడో సంగతి, ఇక్కడే పొరపాటు పడతారు. ఓటరు కార్డు లేకపోతే చూపించదగ్గ పత్రాల్లో ఆధార్, ఉపాధి హామీ జాబ్‌కార్డు, పాన్, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్ లాంటివాటితో పాటు యూడీఐడీ కార్డు కూడా ఉంది. సదరం సర్టిఫికెట్ లేదు. ఓటరు స్లిప్ కూడా గుర్తింపు కాదు, అది క్రమసంఖ్య, బూత్ నంబరు చెప్పే చీటీ మాత్రమే.

మూడో పని: ఇంటి దగ్గరా, బూత్‌లోనా తేల్చుకోండి

2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా మొదటిసారి ఇంటి ఓటు వచ్చింది. 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు అది ఐచ్ఛికం. కోరుకుంటేనే ఇస్తారు. కోరుకుని, ఆమోదం వచ్చాక మాత్రం వెనక్కి రాలేరు. జాబితాలో మీ పేరు పక్కన 'పీబీ' (పోస్టల్ బ్యాలెట్) అని పడుతుంది, పోలింగ్ రోజు బూత్‌కి వెళ్తే ఓటు ఇవ్వరు.

మా సలహా సూటిగా చెబుతాం. మంచం దిగలేని పరిస్థితి అయితే ఇంటి ఓటు మంచిది. కదలగలిగితే బూత్‌కే వెళ్లండి. చూపు లేనివాళ్లయితే మరీ. ఇంటి ఓటు కాగితం బ్యాలెట్ మీద, పెన్నుతో. దాని మీద వేలితో తడిమి తెలుసుకునేందుకు ఏమీ ఉండదు, ఎవరో ఒకరి సాయం తీసుకోక తప్పదు. ఈవీఎం మీదైతే బ్రెయిలీ అంకెలున్నాయి, ఎవరి అవసరమూ లేకుండా వేయొచ్చు. పైగా ఇంటికి వచ్చే బృందంలో ఇద్దరు పోలింగ్ అధికారులు, సూక్ష్మ పరిశీలకుడు, వీడియో తీసేవాడు, పోలీసు ఉంటారు. పార్టీల ప్రతినిధులూ రావచ్చు. ఇరుకు గదిలో అంతమంది మధ్య రహస్యం కాపాడుకోవడం తేలిక కాదు.

ఇంటి ఓటే కావాలంటే ఇలా చేయండి. షెడ్యూలు ప్రకటించగానే బీఎల్‌వో ఫారం 12డీ తెస్తాడు. రాకపోతే మీరే ఫోన్ చేసి అడగండి, లేదా ఓటర్ల హెల్ప్‌లైన్ నంబరు 1950కి చెప్పండి. నింపి, సర్టిఫికెట్ నకలు జతచేసి, నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోగా మీ నియోజకవర్గ ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారికి చేరేలా ఇచ్చి, రసీదు తీసుకోండి. బృందం వచ్చే తేదీ, సమయం ముందే చెబుతారు. మొదటిసారి మీరు లేకపోతే రెండోసారి వస్తారు, అప్పుడూ లేకపోతే ఇక రారు. ఫిజియోథెరపీకో, డయాలసిస్‌కో వెళ్లే రోజులుంటే తేదీ చెప్పినప్పుడే ఆ మాట అనండి.

వాళ్లు వచ్చేసరికి గోడ వైపు ముఖం పెట్టి కూర్చునేలా ఒక టేబులో, పీటో సిద్ధం చేసుకోండి. ఓటు ఎవరికీ కనబడకుండా మరుగు కోసం అట్టతో చేసిన మడత కంపార్ట్‌మెంట్ వాళ్లే తెస్తారు. దాన్ని మంచం మీద నిలబెట్టలేరు కాబట్టి కిందకి ఏదో ఒక పలక కావాలి. మీ చేతికి బ్యాలెట్‌తో పాటు ఒక డిక్లరేషన్, రెండు కవర్లు వస్తాయి. డిక్లరేషన్ మీద సంతకం లేదా వేలిముద్ర, దాని మీద అధికారి ధ్రువీకరణ తప్పనిసరి. గుర్తు పెట్టిన బ్యాలెట్ లోపలి కవర్లోకి వెళ్లాలి. అంటించిన ఆ కవరు, డిక్లరేషన్ రెండూ కలిపి బయటి కవర్లోకి. లెక్కింపు రోజు ముందు డిక్లరేషనే చూస్తారు. అది లేకపోయినా, సంతకం లేకపోయినా లోపలి కవరు విప్పరు.

వేలిముద్ర వేసేవాళ్లు ఒక చిన్న జాగ్రత్త పాటించాలి. డిక్లరేషన్ మీద ముద్ర వేసిన బొటనవేలితోనే బ్యాలెట్ పట్టుకుంటే నీలం మరక పడుతుంది. ఓటరెవరో పోల్చుకోగలిగే గుర్తు బ్యాలెట్ మీద ఉంటే ఆ ఓటు చెల్లదు. కాబట్టి ముద్ర వేశాక తడిగుడ్డతో వేలు శుభ్రంగా తుడుచుకుని, ఆరాక బ్యాలెట్ తీసుకోండి. పేరు, సంతకం, "నమస్కారం" లాంటివి ఏవీ బ్యాలెట్ మీద రాయకూడదు.

నాలుగో పని: బూత్‌ని ముందే టేపుతో కొలవండి

పోలింగ్‌కి కనీసం నెల ముందు ఒకసారి ఆ బడికో, పంచాయతీ ఆఫీసుకో వెళ్లి చూడండి. ర్యాంపు ఉందా అని అడిగితే అందరూ "ఉంది" అంటారు. ఎంత వాలుగా ఉందన్నది అసలు ప్రశ్న. లెక్క తేలిక: ఎత్తు ఎంతుందో దానికి 12 రెట్లు పొడవుండాలి. అరుగు 45 సెంటీమీటర్లు ఉంటే ర్యాంపు 5.4 మీటర్లు. ఒక్క మెట్టే, 15 సెంటీమీటర్లయినా 1.8 మీటర్లు కావాలి. వెడల్పు 1.2 మీటర్లు. మన బళ్లలో చాలా ర్యాంపులు మెట్ల పక్కన మెట్లంత పొడవే ఉంటాయి, సైకిలో బైకో ఎక్కించడానికి పనికొస్తాయి తప్ప వీల్‌చైర్‌కి పనికిరావు. అలాంటి వాలు మీద వీల్‌చైర్‌ని వెనక నుంచి తోస్తే ముందు చక్రాలు లేచి మనిషి వెనక్కి పడే ప్రమాదం ఉంది. వేరే దారి లేకపోతే ఎక్కించేటప్పుడు వెనక ఒకరు, ముందు ఒకరు పట్టుకోవాలి. దించేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించాలి.

ర్యాంపు కొలిచాక అక్కడితో ఆగకండి. గేటు నుంచి ర్యాంపు దాకా మట్టి ఉందా, కంకర ఉందా? మధ్యలో మూత లేని కాలువ ఉందా? ర్యాంపు ఎక్కిన వరండా నుంచి గదిలోకి గడప ఎంత ఎత్తుంది? పది సెంటీమీటర్ల గడప చాలు, అంతకుముందు కట్టిన ర్యాంపంతా వృథా. తలుపు రెండు రెక్కలూ తెరుచుకుంటాయా, ఒక రెక్క గొళ్లెం తుప్పు పట్టి ఉందా? కుర్చీ వెడల్పు 65 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది, చేతులకి ఖాళీ కావాలి కాబట్టి తలుపు 90 ఉండాలి. కంపార్ట్‌మెంట్ ముందు కుర్చీ తిరగడానికి 1.5 మీటర్ల చోటు కావాలి. పోలింగ్ సిబ్బంది గదిని రాత్రి సర్దుకుంటారు, యంత్రం మూలకి వెళ్లిపోతుంది, తెల్లారి కుర్చీ అక్కడికి చేరదు.

టేబులు ఎత్తు మామూలుగా 30 అంగుళాలు. కుర్చీలో కూర్చున్నవాళ్లకి చేతికందుతుంది గానీ, బడి టేబులుకి ముందు వైపు చెక్క పలక ఉంటే మోకాళ్లు లోపలికి పోవు. అప్పుడు కుర్చీని టేబులు పక్కగా, సమాంతరంగా ఆపితే చేయి అందుతుంది. వెలుతురు గురించి ఒక చిక్కుంది. చూపు తక్కువున్నవాళ్లకి వెలుగు కావాలి, కానీ వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీలో చూపే యంత్రం) మీద నేరుగా లైటు పడితే దాని సెన్సర్ ఇబ్బంది పెడుతుంది. కాబట్టి లైటు గదిలో బాగా ఉండాలి, యంత్రం నెత్తిన ఉండకూడదు.

కొలతలు, టేపు కనిపించేలా తీసిన ఫొటోలతో తాసీల్దారు కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. నకలు జిల్లాలో వికలాంగ ఓటర్ల నోడల్ అధికారికి పంపండి. "ర్యాంపు బాగాలేదు" అని రాసిన అర్జీ పక్కన పడుతుంది. "45 సెంటీమీటర్ల ఎత్తుకి 1.5 మీటర్ల ర్యాంపు ఉంది, 5.4 కావాలి" అని రాసినదానికి జవాబు చెప్పాలి. శాశ్వత ర్యాంపుకి సమయం లేకపోతే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద గట్టి దూలాలు, పైన అడ్డంగా సన్నటి చెక్కపట్టీలతో తాత్కాలికంగా వేయించమని అడగండి. దాని మీద షామియానా తివాచీ పరిస్తే చక్రాలకి చుట్టుకుంటుంది, వద్దని చెప్పండి.

ఐదో పని: పోలింగ్ రోజు బయల్దేరేముందు

వీల్‌చైర్, రవాణా కావాలంటే సక్షమ్ యాప్‌లోనో 1950లోనో ముందే అడిగి, నంబరు రాసుకోండి. పొద్దున్నే వెళ్లడం మేలు. మే నెల ఎండ ఒక కారణం, బూత్‌లో ఉన్న ఒకే ఒక్క వీల్‌చైర్ ఖాళీగా ఉండే వేళ అదే అన్నది మరో కారణం. వికలాంగులు క్యూలో నిలబడక్కర్లేదు. నేరుగా ముందుకెళ్లి క్యూ చూసే కానిస్టేబుల్‌కి చెప్పండి. గొడవైతే ప్రిసైడింగ్ అధికారిని పిలవమనండి, ఆయన మాటే చెల్లుతుంది.

ఫోన్ లోపలికి రానివ్వరు. ఫోన్ కెమెరాతో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివే అలవాటున్నవాళ్లకి ఇది పెద్ద దెబ్బ. చేతి భూతద్దం పెట్టుకెళ్లండి. చెవిమిషన్‌ని ఎవరైనా బ్లూటూత్ అనుకుని ఆపితే అది వినికిడి పరికరమని ప్రిసైడింగ్ అధికారికి చెప్పించండి.

ఆరో పని: లోపల ఓటు వేయడం

చూపు లేనివాళ్లకి. ఈవీఎం మీద బ్రెయిలీ అంకెలు మొదట పరీక్షించింది మన హైదరాబాద్‌లోనే, 2004 ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ ఉప ఎన్నికలో. 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా వచ్చాయి. అయినా ఇప్పటికీ చాలా బూత్‌లలో సిబ్బంది చేసే మొదటి పని "తోడెవరున్నారు?" అని అడగడం. స్వయంగా వేయదల్చుకుంటే లోపలికి వెళ్లగానే "నేనే వేసుకుంటాను, బ్రెయిలీ డమ్మీ బ్యాలెట్ ఇవ్వండి" అనండి. అది ప్రిసైడింగ్ అధికారి సామగ్రిలో ఉంటుంది. చాలాసార్లు సంచిలోంచి తీయరు, అంతే. అందులో అభ్యర్థుల పేర్లు, క్రమసంఖ్యలు ఉంటాయి. చదివి, మీ అభ్యర్థి సంఖ్య గుర్తుపెట్టుకుని, కాగితం తిరిగిచ్చి కంపార్ట్‌మెంట్‌లోకి వెళ్లండి.

బ్యాలెట్ యూనిట్ మీద నీలం మీటలు నిలువుగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి, వాటి కుడిపక్కన బ్రెయిలీ అంకె ఉంటుంది. వాడని మీటలు మూసి ఉంటాయి. బ్రెయిలీ రాకపోతే పైనుంచి మీటలు లెక్కపెట్టుకోవచ్చు. చివరిది నోటా.

అభ్యర్థులు ఎక్కువైతేనే చిక్కు. ఒక్కో యూనిట్‌కి 16 మీటలే. నోటాతో కలిపి 16 దాటితే రెండో యూనిట్ పెడతారు, ప్రతి యూనిట్ మీదా బ్రెయిలీ అంకెలు మళ్లీ 1 నుంచి 16 వరకే. అంటే 19వ అభ్యర్థి రెండో యూనిట్‌లో 3వ మీట. 2019లో నిజామాబాద్ లోక్‌సభకి 185 మంది నిలబడితే 12 యూనిట్లు ఎల్ ఆకారంలో పెట్టాల్సి వచ్చింది. అక్కడ 100వ అభ్యర్థికి ఓటు వేయాలంటే ఆరు యూనిట్లు దాటి (6 పదహార్లు 96), ఏడోదాంట్లో 4వ మీట నొక్కాలి. ఈ లెక్క ఇంట్లోనే వేసుకెళ్లండి. యూనిట్లు ఎటు నుంచి మొదలవుతున్నాయో లోపలికి వెళ్లేముందు అడగండి.

అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు కలిసొస్తే, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో లాగా, రెండు కంపార్ట్‌మెంట్లు, రెండు యంత్రాలు ఉంటాయి. చూపున్నవాళ్లు లోక్‌సభకి తెలుపు, అసెంబ్లీకి గులాబీ కాగితం చూసి పోల్చుకుంటారు. మీరు నోరు తెరిచి అడగాలి: "ఇది పార్లమెంటా, అసెంబ్లీనా?" రెండు క్రమసంఖ్యలు విడివిడిగా గుర్తుంచుకోండి. పార్టీ ఒకటే అయినా సంఖ్య ఒకటే కావాలని లేదు.

మీట నొక్కి బీప్ వినిపించేదాకా కదలకండి. వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనబడి పడిపోతుంది, అది చదివి సరిచూసుకునే వీలు చూపు లేనివాళ్లకి ఇప్పటికీ లేదు. ఇది ఏర్పాట్లలో లోపమే, మీ లోపం కాదు.

వినికిడి లేనివాళ్లకి సమస్య తిరగబడుతుంది. మొదటి అధికారి పేరు బిగ్గరగా చదువుతాడు, మీకు వినబడదు, స్లిప్ చేతిలో పట్టుకుని చూపిస్తూ ఉండండి. రెండో అధికారి సిరా రాసి, రిజిస్టర్లో సంతకం తీసుకుంటాడు. మూడో అధికారి తన దగ్గరున్న కంట్రోల్ యూనిట్ నొక్కితేనే బ్యాలెట్ యూనిట్ పైభాగంలో పచ్చ దీపం వెలుగుతుంది. దీపం లేకుండా మీట నొక్కితే ఏమీ జరగదు. నొక్కి వచ్చేశామనుకుని బయటికి వెళ్లిపోయినవాళ్ల ఓటు ఇలాగే పోతుంది. పచ్చ దీపం చూడండి, నొక్కండి, పేరు పక్కన ఎర్ర దీపం, వీవీప్యాట్‌లో చీటీ రెండూ చూసి కదలండి.

చేతులు, వేళ్లు లేనివాళ్లకి సిరా ఎక్కడ రాయాలో నిబంధనలోనే ఉంది: ఎడమ చూపుడువేలు లేకపోతే ఎడమచేతి మరో వేలు, అవీ లేకపోతే కుడిచేతి వేళ్లు, రెండు చేతులకీ వేళ్లే లేకపోతే చేతి చివర. కుష్ఠు తగ్గినవాళ్లని, ప్రమాదాల్లో చేతులు పోయినవాళ్లని "సిరా ఎక్కడ రాయాలి?" అని నిలబెట్టి చర్చించే అవసరమే లేదు.

మేధో వైకల్యం ఉన్నవాళ్ల విషయంలో నిబంధన వెనకబడి ఉంది. తోడు నిబంధన అంధత్వం, శారీరక దౌర్బల్యం అనే అంటుంది. తల్లిదండ్రులు కంపార్ట్‌మెంట్‌లోకి రావడానికి ఒప్పుకోకపోవచ్చు. అందుకే ఇంట్లోనే సాధన చేయించండి. అట్టముక్క మీద గుర్తులు అతికించి, పక్కన బొత్తాలు కుట్టి, పచ్చ దీపం తర్వాత నొక్కడం, బీప్ అయ్యేదాకా ఆగడం రోజుకు కాసేపు ఆడించండి. ఏ గుర్తు అన్నది వాళ్ల ఇష్టం, నేర్పేది నొక్కడమే.

ఏడో పని: తోడు తీసుకెళ్తే

తోడు ఎవరన్నది మీరే ఎంచుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండాలి. పోలింగ్ సిబ్బంది తోడుగా రాకూడదు. పార్టీ ఏజెంటు "నేనొస్తా పెద్దమ్మా" అంటే వద్దనే హక్కు మీది. ఒక మనిషి ఆ రోజు ఒక్కరికే తోడుండాలి. భార్యాభర్తలిద్దరూ అంధులై, కొడుకు ఒక్కడే ఉంటే ఇద్దరికీ వాడే కుదరదు, మరొకరిని ముందే మాట్లాడి పెట్టుకోండి. ఓటు రహస్యంగా ఉంచుతానని, ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్లలేదని తోడు వచ్చినవాళ్లు రాసివ్వాలి. వాళ్ల కుడి చూపుడువేలికి సిరా రాస్తారు. మీ పేరు ఫారం 14ఏలో నమోదవుతుంది. తోడు మీట నొక్కేకంటే, మీ వేలిని మీట మీద పెట్టించుకుని మీరే నొక్కండి.

నడవలేకపోయినా మీట నొక్కగలిగినవాళ్లకి తోడు గదిలోకి వస్తారు గానీ కంపార్ట్‌మెంట్‌లోకి రారు. ఇది మీకు మేలు చేసే నిబంధనే, "నా మనవడు లోపలికి రావాలి" అని పట్టుబట్టకండి.

లోపల గొడవైతే

జాబితాలో మీ పేరు దగ్గర లేరు, వలసపోయారు, చనిపోయారు అన్న ముద్ర ఉంటే కంగారుపడకండి. మంచాన ఉన్నవాళ్ల పేర్లు ఈ జాబితాలోకి సులువుగా ఎక్కుతాయి. గుర్తింపు కార్డు చూపిస్తే ప్రిసైడింగ్ అధికారి సరిచూసి ఓటు ఇవ్వాలి. మీ పేరుతో ఇంకెవరో వేసేసి ఉంటే టెండరు ఓటు అడగండి. అది కాగితం బ్యాలెట్, ఫారం 17బీలో మీ సంతకం తీసుకుని ఇస్తారు. ర్యాంపు, వీల్‌చైర్, డమ్మీ బ్యాలెట్ లాంటి లోపాలు కొన్ని బూత్‌లని కలిపి చూసే సెక్టార్ అధికారి అక్కడికక్కడ తీర్చగలడు. ఆయన ఫోన్ నంబరు ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఉంటుంది. అప్పుడే 1950కి కూడా చెప్పి నంబరు తీసుకోండి.

పంచాయతీ ఎన్నికలైతే

ఇది రాష్ట్ర ఎన్నికల సంఘం నడిపే వ్యవహారం, పైన చెప్పిన ఏర్పాట్లన్నీ ఇక్కడ ఉంటాయనుకోకండి. మన రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీలకి కాగితం బ్యాలెట్టే: సర్పంచికి గులాబీ, వార్డు సభ్యుడికి తెలుపు. వాటి మీద అభ్యర్థి పేరు ఉండదు, గుర్తు మాత్రమే. స్వస్తిక్ ముద్ర వేసి, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. అడ్డంగా ముందు మడిస్తే తడి ముద్ర మరో గుర్తు మీద అచ్చుపడి ఓటు ఎవరిదో తేలకుండా పోతుంది.

చూపు లేనివాళ్లకి తోడు తప్ప ఇక్కడ మరో దారి లేదు. సియర్రా లియోన్, ఘనా, లైబీరియా లాంటి దేశాలు కాగితం బ్యాలెట్‌తోనే దీనికి పరిష్కారం వెతికాయి. బ్యాలెట్ సరిగ్గా పట్టే అట్ట తొడుగు చేసి, ఒక్కో అభ్యర్థి దగ్గర చిల్లు పెట్టి, పక్కన తడిమితే తెలిసే గుర్తులు ఉంచారు. బ్యాలెట్ దాంట్లో దూర్చి, చిల్లులు లెక్కపెట్టుకుని ముద్ర వేస్తే చాలు. పంచాయతీ బ్యాలెట్‌కి ఇది ఇంకా తేలిక, ఎందుకంటే గుర్తులు ఎన్నో వరసలో ఉన్నాయో తెలిస్తే సరిపోతుంది. ఖర్చు ఒక మందపాటి అట్టముక్క. ఎవరికి వారు చేసుకెళ్తే లోపలికి రానివ్వకపోవచ్చు కాబట్టి, మీ జిల్లా వికలాంగుల సంఘం తరఫున నమూనా ఒకటి చేసి, ఎన్నికలు లేని కాలంలోనే రాష్ట్ర ఎన్నికల సంఘానికి అర్జీతో పాటు పంపండి. అర్జీలో వికలాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్ రాయండి, అట్ట కొలతలు, చిల్లుల మధ్య దూరం రాయండి, ఒక్కోదానికి అయ్యే ఖర్చూ రాయండి.